కుంచె పట్టని పోస్టరుకు కర్త ఎవరు?

న్యూఢిల్లీ: సినిమా పోస్టరు మొదలుకొని ఎన్నికల ప్రచార పత్రం వరకు, దుకాణం ప్రారంభోత్సవం మొదలుకొని జాతర ఫ్లెక్సీ వరకు ఏ బొమ్మ కావాలన్నా నాలుగు వాక్యాలు చెబితే నిమిషంలో సిద్ధం చేసి ఇచ్చే కృత్రిమ మేధ యంత్రాలు దేశంలో పోస్టర్ల తయారీ తీరునే మార్చివేస్తున్నాయి. ఒకప్పుడు చిత్రకారుడు రోజుల తరబడి శ్రమించిన పని ఇప్పుడు ముందుగదిలో కూర్చున్న గుమస్తా సైతం చేయగలిగినదైంది. బొమ్మ చౌక అయింది. అయితే ఆ బొమ్మకు కర్త ఎవరు, దానిపై హక్కు ఎవరిది, ఎవరి బొమ్మలు చూసి ఆ యంత్రం గీయడం నేర్చుకున్నదో వారికి దక్కవలసినదేమిటి అన్న ప్రశ్నలకు మాత్రం ఇంకా స్పష్టమైన సమాధానం లభించలేదు.

ఈ ప్రశ్నలను పరిశీలించేందుకు కేంద్ర పరిశ్రమలు, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక విభాగం 2025 ఏప్రిల్‌లో ఒక కమిటీని నియమించింది. ఆ కమిటీ తన చర్చాపత్రం మొదటి భాగాన్ని 2025 డిసెంబరులో విడుదల చేసింది. యంత్రాలకు శిక్షణ ఇచ్చేందుకు ఇతరుల కృతులను వాడుకునే సంస్థలు అందుకు ప్రతిఫలం చెల్లించి తీరాలన్నది ఆ పత్రం సారాంశం. చిత్రకారులకు ఇది శుభవార్తే. కానీ ప్రస్తుత కాపీరైటు చట్టంలోని ఒక చిన్న నిబంధన కారణంగా ఆ ప్రతిఫలం పోస్టరు గీసిన వ్యక్తి ఇంటికి చేరకుండా పోయే అవకాశం ఉన్నదన్న విషయం అంతగా చర్చకు రాలేదు.

ఓలియోగ్రాఫు నుంచి ఫ్లెక్సీ దాకా

యంత్రం వచ్చి చిత్రకారుని పనిని మార్చివేయడం ఈ దేశానికి కొత్త కాదు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయం స్థాపించి, తన తైలవర్ణ చిత్రాలకు వేల కొద్దీ ప్రతులు తీయించడంతో లక్ష్మి, సరస్వతి బొమ్మలు సామాన్యుల ఇళ్ళ గోడలకు చేరాయి. నేటి క్యాలెండరు బొమ్మకు మూలం అక్కడే ఉన్నది.

ఆ తర్వాత సినిమా వచ్చింది. నేటికీ లభ్యమవుతున్న భారతీయ సినిమా పోస్టర్లలో అతి పాతదిగా భావిస్తున్నది కొల్హాపూరుకు చెందిన బాబూరావ్ పెయింటర్ 1924లో నిర్మించిన 'కల్యాణ్ ఖజీనా' చిత్రానిది. చిత్రకారుడే దర్శకుడు కావడం వల్ల ఆ రోజుల్లో పోస్టరుకు ప్రత్యేక స్థానం లభించింది. తదనంతర కాలంలో ప్రపంచ ఖ్యాతి గడించిన ఎం.ఎఫ్. హుస్సేన్ 1930 దశకంలో బొంబాయి వీధుల్లో సినిమా హోర్డింగులు గీసి పొట్ట పోసుకున్నవారే. 1975 నాటి 'దీవార్' వంటి హిందీ చిత్రాల పోస్టర్లకు దివాకర్ కర్కరే పేరు పడింది. తెలుగులో 1967 నాటి 'సాక్షి'తో రంగప్రవేశం చేసిన ఈశ్వర్ కొన్ని దశాబ్దాల పాటు పబ్లిసిటీ డిజైనరుగా వెలుగొందారు. ఆయన రచించిన 'సినిమా పోస్టర్' గ్రంథానికి నంది పురస్కారం లభించింది. 2021లో ఆయన కన్నుమూశారు.

పోస్టరు గీసిన డిజైనరు వెనుక మరో పెద్ద వర్గం ఉండేది. నటుల ఛాయాచిత్రంపై గళ్ళు గీసి, ఆ గళ్ళను బట్టి బొమ్మను గుడ్డపైకి పెంచి ముప్పై, నలభై అడుగుల బ్యానర్లుగా మలచినవారు, ప్లైవుడ్‌పై కటౌట్లు కోసినవారు, అక్షరాలు మాత్రమే రాసే లెటరింగ్ ఆర్టిస్టులు మద్రాసు, బొంబాయి, విజయవాడ వంటి నగరాల్లో ఉండేవారు. కంప్యూటరు డిజైనింగు, ఆ వెనువెంటనే 2000 దశకంలో ఫ్లెక్సీ ముద్రణ రావడంతో ఈ వర్గం దాదాపు కనుమరుగైంది. ఫ్లెక్సీ వచ్చినప్పుడు నష్టపోయినది బ్యానరు గీసే చేయి. ఇప్పుడు ముప్పు వచ్చినది బొమ్మను ఊహించే డిజైనరుకు. రెంటికీ ప్రధానమైన తేడా ఇదే.

యంత్రం గీసే తీరు

బొమ్మల యంత్రాల చరిత్ర చాలా చిన్నది. ఓపెన్ ఏఐ సంస్థ 'డాల్-ఈ'ని 2021 జనవరిలో ప్రకటించింది. 2022లో 'డాల్-ఈ 2', 'మిడ్‌జర్నీ', 'స్టేబుల్ డిఫ్యూజన్' ఒకదాని వెంట ఒకటి ప్రజలకు అందుబాటులోకి వచ్చాయి. అదే సంవత్సరం ఆగస్టులో అమెరికాలోని కొలరాడో రాష్ట్ర ప్రదర్శనలో మిడ్‌జర్నీ సాయంతో చేసిన బొమ్మకు డిజిటల్ విభాగంలో ప్రథమ బహుమతి రావడం పెద్ద దుమారాన్ని రేపింది.

ఈ యంత్రాలు పాత బొమ్మలను ముక్కలుగా కత్తిరించి అతికిస్తాయని చాలామంది భావిస్తున్నారు. అది సరికాదు. శిక్షణ సమయంలో కోట్లాది బొమ్మలను, వాటి పక్కన ఉన్న వర్ణనలను యంత్రానికి చూపుతారు. ప్రతి బొమ్మపైనా క్రమంగా చుక్కల గజిబిజిని కలిపి, ఆ గజిబిజిని తొలగించి అసలు బొమ్మను తిరిగి రాబట్టడం దానికి అలవాటు చేస్తారు. ఈ అలవాటు స్థిరపడిన తర్వాత కేవలం గజిబిజిని ఇచ్చి 'వానలో నిలబడిన కథానాయకుడు, వెనుక రైలు, పాతకాలపు పోస్టరు రంగులు' అని సూచిస్తే, ఆ సూచనకు తగిన బొమ్మను అందులోంచి క్రమంగా బయటికి తీస్తుంది. ప్రాంప్టు అని వ్యవహరించేది ఈ సూచననే.

శిక్షణకు వాడిన బొమ్మల సంఖ్య తెలిస్తే వివాదం ఎంత పెద్దదో అర్థమవుతుంది. 2022లో ఒక జర్మన్ సంస్థ విడుదల చేసిన 'లయన్-5బీ' అనే జాబితాలో 585 కోట్ల బొమ్మల ఇంటర్నెట్ చిరునామాలు, వర్ణనలు ఉన్నాయి. స్టేబుల్ డిఫ్యూజన్ శిక్షణకు ఆధారం ఈ జాబితాలోని భాగమే. ఈ బొమ్మల కర్తల అనుమతిని ఎవరూ అడగలేదు. పాత సినిమా పోస్టరును అభిమాని ఎవరో ఇంటర్నెట్‌లో ఉంచితే చాలు, అది సైతం ఇటువంటి జాబితాలోకి చేరిపోవచ్చు.

ప్రజాదరణ విషయానికి వస్తే, 2025 మార్చి చివరలో ఛాట్ జీపీటీలో కొత్త బొమ్మల సదుపాయం ప్రవేశపెట్టిన తొలి వారంలోనే 13 కోట్ల మంది 70 కోట్లకు పైగా బొమ్మలు చేయించుకున్నారని ఆ సంస్థ వెల్లడించింది. జపాన్‌కు చెందిన జిబ్లీ స్టూడియో శైలిలో తమ కుటుంబ చిత్రాలను మార్పించుకునే వేలంవెర్రి భారతదేశాన్నీ ఊపివేసింది.

తెర మీది బొమ్మ, గోడ మీది పోస్టరు

ఇంత చేసినా, యంత్రం ఇచ్చిన బొమ్మ నేరుగా పోస్టరు కాజాలదు. మొదటి చిక్కు పరిమాణంలో ఉన్నది. సాధారణంగా యంత్రం నుంచి వెలువడే బొమ్మ నిలువుకు 1024, అడ్డానికి 1024 చుక్కలతో ఉంటుంది. నాణ్యమైన అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. ఆ లెక్కన ఈ బొమ్మ మూడున్నర అంగుళాలకు మించి రాదు. 24 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడవు ఉన్న పోస్టరుకు 7,200, 10,800 చుక్కల చొప్పున, అంటే దాదాపు 74 రెట్లు ఎక్కువ చుక్కలు అవసరం. లోటును పూరించేందుకు మరో సాఫ్ట్‌వేరుతో బొమ్మను పెంచుతారు. ఆ పెంపకంలో లేని చుక్కలను కంప్యూటరు ఊహించి చేర్చుతుంది. దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి ఇంత సాంద్రత అక్కరలేదు కాబట్టి అక్కడ లోపం అంతగా బయటపడదు. చేతికి అందే ఎత్తులో అంటించే కాగితపు పోస్టరులో అది ఇట్టే తెలిసిపోతుంది.

రెండవది రంగు. తెరపై బొమ్మ ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతుల కలయికతో కనిపిస్తుంది. అచ్చుయంత్రం నాలుగు సిరాలతో పనిచేస్తుంది. తెరపై ధగధగలాడిన ఆకుపచ్చ కాగితం మీద వెలవెలబోవడం ప్రెస్సుల వారికి నిత్యానుభవం. ముందుగానే రంగులను సరిచూసుకోని బొమ్మకు ఈ గతి తప్పదు.

మూడవ చిక్కు అక్షరాలది. ఇది భారతీయ భాషలకు మరీ తీవ్రమైనది. యంత్రానికి అక్షరం కూడా ఒక బొమ్మే. ఆంగ్ల అక్షరాలు ఉన్న బొమ్మలు శిక్షణలో విస్తారంగా ఉండడం వల్ల వాటిని అది కొంతవరకు పట్టుకున్నది. తెలుగులో తలకట్టు, గుణింతం, కింద ఒత్తు కలిసి ఒక్కో అక్షరానికి వందల రూపాలు ఏర్పడతాయి. తొలినాటి యంత్రాలు తెలుగు పేరు అడిగితే తెలుగును తలపించే వంకరలు గీసి ఇచ్చేవి. ఇటీవలి యంత్రాలు చాలా మెరుగైనా, ఒత్తు ఒకచోట ఉండవలసింది మరోచోట పడడం నేటికీ జరుగుతున్నది. యంత్రం చేత అక్షరాలు లేని బొమ్మ మాత్రమే గీయించి, పేరును, తారాగణాన్ని డిజైనరు చేత విడిగా కూర్పించడమే దీనికి ఉపాయం. ఒకనాడు లెటరింగ్ ఆర్టిస్టు చేసిన పని ఈ విధంగా మళ్ళీ అవసరమైంది.

ఇక వాస్తవంతో పొసగని వివరాలు వేరే సమస్య. 2024 ఏప్రిల్‌లో అమెరికన్ చిత్రం 'సివిల్ వార్' ప్రచారానికి ఏ24 సంస్థ విడుదల చేసిన బొమ్మలు ఇందుకు ఉదాహరణ. షికాగోలో పక్కపక్కనే ఉండే జంట భవనాలు ఆ పోస్టరులో నదికి చెరో ఒడ్డున దర్శనమిచ్చాయి. ఆ నగరం ఎరిగినవారు వెంటనే పట్టుకోవడంతో సంస్థ విమర్శలకు గురైంది. చార్మినారుకు అయిదో మినారు, వీణకు లేని తీగలు ప్రత్యక్షమైతే పట్టుకోవడానికి మన ప్రెస్సులో కూడా ఎరిగిన కన్ను ఒకటి ఉండాలి.

కర్త ఎవరు?

చట్టం విషయంలో ఒక విశేషం ఉన్నది. కంప్యూటరు గీసిన బొమ్మ గురించి భారత చట్టం ఇప్పుడు ఆలోచించడం మొదలుపెట్టలేదు. 1957 నాటి కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణలోనే, కంప్యూటరు ద్వారా ఉత్పన్నమైన కళాకృతికి దానిని కలిగించిన వ్యక్తి కర్త అవుతాడని పేర్కొన్నారు. అయితే నేటి యంత్రం విషయంలో కలిగించినది ఎవరు? సూచన ఇచ్చిన వ్యక్తా, యంత్రాన్ని తయారుచేసిన సంస్థా, డబ్బు ఇచ్చి చేయించిన నిర్మాతా అన్నది ఆ వాక్యం చెప్పదు.

ఈ సందిగ్ధం 2020లో బయటపడింది. ఢిల్లీకి చెందిన ఒక న్యాయవాది తాను తీసిన సూర్యాస్తమయ ఛాయాచిత్రాన్ని, వాన్ గో చిత్ర శైలిని 'రాఘవ్' అనే కృత్రిమ మేధ పరికరం చేత మేళవింపజేసి 'సూర్యాస్త్' అనే బొమ్మ చేయించారు. తనతో పాటు ఆ పరికరాన్ని సైతం సహకర్తగా చూపిన దరఖాస్తును కాపీరైటు కార్యాలయం నమోదు చేసింది. మరుసటి సంవత్సరమే ఆ నమోదును ఉపసంహరించుకోనున్నట్లు నోటీసు పంపింది. అదే బొమ్మకు అమెరికా కార్యాలయం 2023 డిసెంబరులో నమోదు నిరాకరించింది.

విదేశాల్లో కూడా ఏకాభిప్రాయం లేదు. సూచన ఇచ్చినంత మాత్రాన బొమ్మపై కర్తృత్వం రాదని అమెరికా కాపీరైటు కార్యాలయం 2025 జనవరి నివేదికలో స్పష్టం చేసింది. మనిషి స్వయంగా చేర్చిన, మార్చిన భాగానికే రక్షణ లభిస్తుంది. ఇందుకు భిన్నంగా బీజింగ్ ఇంటర్నెట్ న్యాయస్థానం 2023 నవంబరులో, సూచనలను పదేపదే సరిదిద్ది బొమ్మను రూపొందించిన వ్యక్తికి హక్కు ఉన్నదని తీర్పు ఇచ్చింది. డిస్నీ, యూనివర్సల్ సంస్థలు మిడ్‌జర్నీపై 2025 జూన్‌లో లాస్ ఏంజిలిస్‌లో దావా వేశాయి. స్టెబిలిటీ ఏఐ సంస్థపై గెట్టీ ఇమేజెస్ లండన్‌లో వేసిన దావాలో ప్రధాన వాదన 2025 నవంబరులో వీగిపోయింది. శిక్షణ పొందిన యంత్రంలో అసలు బొమ్మల ప్రతులు నిల్వ ఉండవని ఆ న్యాయస్థానం అభిప్రాయపడింది.

నిర్మాతకు ఇందులో ఉన్న నష్టం స్పష్టమైనది. యంత్రం బొమ్మపై హక్కు తేలకపోతే, రేపు అదే పోస్టరును మరొకరు చొక్కాలపై అచ్చువేసి అమ్ముకుంటే కోర్టుకు వెళ్ళినా నిలబడడం కష్టం. చౌకగా వచ్చిన బొమ్మ సొంతం కాకుండా పోవచ్చు.

రాయల్టీ చేరేది ఎవరికి?

ఇక కేంద్ర కమిటీ ప్రతిపాదన సంగతి. కృత్రిమ మేధ సంస్థలు చట్టబద్ధంగా లభించే కృతులన్నింటినీ శిక్షణకు వాడుకోవచ్చునని, వద్దనే హక్కు కర్తలకు ఉండదని, అందుకు బదులుగా తమ ఆదాయంలో కొంత వాటాను ఆ సంస్థలు ఒక కేంద్రీయ వ్యవస్థకు చెల్లించాలని, అది హక్కుదారులకు పంచాలని కమిటీ సూచించింది. పరిశ్రమ ప్రతినిధిగా ఉన్న నాస్‌కామ్ ఇందుకు అసమ్మతి తెలిపింది.

ఇక్కడ 'హక్కుదారు' అన్న మాట కీలకమైనది. కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, ఒకరు ప్రతిఫలం ఇచ్చి గీయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేని పక్షంలో, తొలి హక్కుదారు గీయించుకున్నవారే. గీసిన వ్యక్తి కర్త మాత్రమే. సినిమా పోస్టర్ల రంగంలో పని ఎక్కువగా నోటిమాట మీదనే నడిచింది. డిజైనరు బొమ్మ ఇచ్చాడు, నిర్మాత డబ్బు ఇచ్చాడు. పోస్టరు కింది మూలన ఉన్న సంతకం తప్ప మరో పత్రం లేదు. కనుక పాత పోస్టర్లపై రేపు ఏదైనా రాయల్టీ వస్తే అది చట్టప్రకారం చేరేది నిర్మాతకు, లేదా ఆయన నుంచి హక్కులు కొన్న సంస్థకు.

మరో చిత్రమైన అంశం ఉన్నది. హక్కు ఎవరి చేతిలో ఉన్నా దాని గడువును చిత్రకారుని మరణం నుంచే లెక్కిస్తారు. మరణించిన సంవత్సరం తర్వాత 60 ఏళ్ళు అది నిలుస్తుంది. 1954లో మరణించిన బాబూరావ్ పెయింటర్ చిత్రాలు 2014తో ఆ రక్షణ నుంచి బయటపడ్డాయి. ఈశ్వర్ బొమ్మలకు 2081 చివరి వరకు రక్షణ ఉంటుంది. ఇలా హక్కు గీసిన చేతిని బట్టి నడుస్తుంది, ఆదాయం మాత్రం ఒప్పందం లేనిచోట ఆ చేతికి అందదు. పేరు చెప్పుకునే హక్కు, బొమ్మను గౌరవానికి భంగం కలిగేలా మార్చకుండా అడ్డుకునే హక్కు 57వ సెక్షను కింద కర్తకే మిగిలి ఉంటాయి. ఇక శైలికి అసలు రక్షణే లేదు. ఆలోచనకు కాక వ్యక్తీకరణకే కాపీరైటు వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో తేల్చింది. కనుక ఫలానా వారి శైలిలో గీయమని యంత్రాన్ని కోరడం దానంతట అదే నేరం కాదు.

ముఖానికి రక్షణ, గోడకు మినహాయింపు

చిత్రకారునికి దొరకని రక్షణ నటులకు కొంత మేరకు దొరికింది. అనుమతి లేకుండా తమ ముఖం, గొంతు వాడుకోరాదని అనిల్ కపూర్ 2023లో, నాగార్జున 2025 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు నుంచి ఉత్తర్వులు పొందారు. చిరంజీవికి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు అటువంటి రక్షణే కల్పించింది. వాణిజ్య ప్రకటన పోస్టరుపై యంత్రం గీసిన తారల ముఖాలు వేసే దుకాణదారులు ఈ ఉత్తర్వులను గమనించవలసి ఉంటుంది.

ఎన్నికల విషయంలో, కృత్రిమంగా తయారైన ప్రచార సామగ్రిపై ఆ సంగతి స్పష్టంగా ముద్రించాలని ఎన్నికల సంఘం 2025 జనవరిలో పార్టీలను కోరింది. బీహార్ ఎన్నికలకు ముందు అక్టోబరులో, ఆ ముద్ర కనీసం పది శాతం స్థలంలో కనిపించాలని ఆదేశించింది. సమాచార సాంకేతిక నిబంధనలకు 2026 ఫిబ్రవరిలో చేసిన సవరణ కూడా అటువంటి బొమ్మలకు ప్రస్ఫుటమైన గుర్తింపు ముద్రను తప్పనిసరి చేసింది. అయితే ఈ సవరణ ఇంటర్నెట్ వేదికలకు ఉద్దేశించినది. గోడకు అంటించే సినిమా పోస్టరు దాని పరిధిలోకి రాదు.

కాగా, పోస్టరును 'నీవు ఎవరివి?' అని అడగడం మన చట్టానికి తెలియని పని కాదు. ఎన్నికల పోస్టరుపై ముద్రాపకుని పేరు, ప్రచురణకర్త పేరు, చిరునామాలు విధిగా ఉండాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షను చెబుతున్నది. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు శిక్షకు అవకాశం ఉన్నది. అచ్చువేసిన వాని పేరు అడిగే చట్టం గీసిన వాని పేరు మాత్రం అడగదు.

యంత్రం గీసిన బొమ్మకు కర్త ఎవరన్న అంశాన్ని చర్చాపత్రం రెండవ భాగంలో పరిశీలించనున్నట్లు కేంద్ర విభాగం తెలియజేసింది. చట్టం మారినా మారకపోయినా, 17వ సెక్షనులోని 'వేరే ఒప్పందం లేని పక్షంలో' అన్న మాటలు డిజైనర్లకు ఇప్పటికే ఒక మార్గం చూపుతున్నాయి. బొమ్మ అప్పగించే ముందు ఒక్క కాగితంపై హక్కులు ఎవరివో, యంత్ర శిక్షణకు వాడితే వచ్చే ప్రతిఫలంలో తన వాటా ఎంతో రాయించుకుంటే ఆ సెక్షను అడ్డు తొలగిపోతుంది. పాత తరానికి దక్కకపోయిన ఆ కాగితం కనీసం ఈ తరం డిజైనర్ల చేతిలోనైనా ఉండవలసిన అవసరం ఉన్నది.